ఆ శాతం ఎవరి లెక్క?

(ఐసీయూలలో వాడే మరణ అంచనా లెక్కల గురించి ఒక క్రిటికల్ కేర్ డాక్టరుగారు నర్సింగ్, మెడికల్ విద్యార్థులు, వాళ్ల కుటుంబ సభ్యులు వచ్చిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, రండి.

ఐసీయూ తలుపు దగ్గర ఎదురుచూసిన అనుభవం మీలో ఎంతమందికి ఉంది? ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం మంది పైనే ఉన్నారు. ఆ తలుపు తీసుకుని డాక్టరు బయటికి రాగానే మీరు అడిగిన మొదటి మాట ఏంటి? "ఎలా ఉంది డాక్టరుగారూ?" రెండో మాట? "ఎంత పర్సెంట్ ఛాన్స్ ఉంది?" ఇరవై ఏళ్లుగా నేను వింటున్నది ఇదే. పొలం అమ్మాలా వద్దా, దుబాయ్‌లో ఉన్న కొడుకుని రమ్మనాలా వద్దా, ఇంకా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా, ఇంటికి తీసుకెళ్లిపోవాలా, ఇవన్నీ మేం చెప్పే ఒక్క అంకె మీద తేలిపోతాయి. మేం "పోయే ప్రమాదం నలభై శాతం" అంటాం. ఆ నలభై ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరిని చూసి లెక్కగట్టారు? ఎవరిని చూసి లెక్కగట్టారు? రెండుసార్లు అడిగానని అనుకోకండి, ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్నే.

ఐసీయూ రోగి చనిపోయే ప్రమాదాన్ని అంచనా వేసే స్కోర్లలో, మా రంగంలో అందరికీ తెలిసిన పేరు అపాచీ. 1981లో అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో విలియం నాస్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దీన్ని మొదలుపెట్టారు. 1985లో అపాచీ 2 వచ్చింది. మన ఐసీయూలలో ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే. దాన్ని 13 అమెరికన్ ఆసుపత్రుల్లో, 5,815 ఐసీయూ అడ్మిషన్ల మీద తయారుచేశారు. రోగి ఐసీయూలోకి వచ్చిన మొదటి 24 గంటల్లో 12 కొలతలు తీసుకుంటారు. జ్వరం, బీపీ, గుండె వేగం, శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్, సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, స్పృహ, ఇలాంటివి. ఒక్కోదానిలో అన్నిటికంటే చెడ్డగా ఉన్న రీడింగ్‌కి పాయింట్లు వేస్తారు. వయసుకి కొన్ని, పాత జబ్బులకి కొన్ని. మొత్తం సున్నా నుంచి 71 దాకా. స్కోరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

ఇది గొప్ప పని. అంతకుముందు ఒక ఐసీయూలో ఎక్కువమంది చనిపోతే, అక్కడ వైద్యం బాగాలేదా, లేకపోతే వాళ్ల దగ్గరికి వచ్చే రోగులే మరీ సీరియస్‌గా వస్తున్నారా, తేల్చుకునే దారే లేదు. ఆ దారి వీళ్లు చూపించారు. ఆ పని మీద నాకు చాలా గౌరవం. గౌరవం ఉంది కాబట్టే దాన్ని ఎక్కడ పడితే అక్కడ కళ్లు మూసుకుని వాడితే బాధేస్తుంది.

ఒక్క లెక్క చేసి చూపిస్తాను. బోర్డు మీద రాస్తున్నాను, స్టూడెంట్స్ రాసుకోండి. అపాచీ 2 స్కోరును 0.146తో గుణించాలి. అందులోంచి 3.517 తీసెయ్యాలి. ఎమర్జెన్సీ ఆపరేషన్ అయ్యుంటే 0.603 కలపాలి. ఆ తర్వాత రోగి ఏ జబ్బుతో వచ్చాడో చూసి, ఆ జబ్బుకి ఇచ్చిన అంకెని కలపాలి. వచ్చినదాన్ని శాతంలోకి మారుస్తారు. సరేనా? ఇప్పుడు స్కోరు 20 వచ్చిన ఇద్దరు రోగులు ఉన్నారనుకుందాం. ఒకరికి ఒంటినిండా ఇన్ఫెక్షన్, అంటే సెప్సిస్. దాని అంకె 0.113, కలపాలి. లెక్క వేస్తే చనిపోయే అవకాశం 38 శాతం. రెండో రోగి "డ్రగ్ ఓవర్‌డోస్" కింద వచ్చాడు. దాని అంకె మైనస్ 3.353. లెక్క వేయండి. ఎంత వచ్చింది? ఎవరైనా చెప్పండి. అవును, రెండు శాతం కూడా లేదు. అదే స్కోరు, అదే 20. ఒకరికి 38, ఒకరికి 2.

ఎందుకంత తేడా? ఆ రోజుల్లో ఆ ఆసుపత్రులకి ఆ పేరుతో వచ్చినవాళ్లని తలుచుకోండి. నిద్రమాత్రలో, మత్తు బిళ్లలో ఎక్కువైనవాళ్లు. స్పృహ ఉండదు, కాబట్టి స్కోరు ఎక్కువ వస్తుంది. ఒకటి రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచితే మందు దిగిపోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. వాళ్ల వరకు ఆ మైనస్ 3.353 న్యాయమే.

మరి మన దగ్గరికి అర్ధరాత్రి 108లో ఎవరు వస్తారు? వరంగల్ చుట్టుపక్కల అడగండి, కర్నూలు వైపు అడగండి, ఏ డ్యూటీ డాక్టరైనా చెబుతాడు. పురుగుల మందు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి నురగ, కంటిపాప సూదిమొన అంత. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తూనే ఉంటాం, ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఈ రోగిని అపాచీ జాబితాలో ఏ గడిలో వెయ్యాలి? పురుగుల మందు అనే గడి ఆ జాబితాలో లేదు. పాముకాటుకీ విడిగా గడి లేదు. దగ్గరగా కనిపించేది డ్రగ్ ఓవర్‌డోస్ ఒక్కటే. అందులో వేస్తారు. కంప్యూటర్ రెండు శాతం అని చూపిస్తుంది. ఆ రోగి పక్కన రాత్రంతా నిలబడిన నర్సుని అడగండి, రెండు శాతమా అని.

గడ్డి మందు సంగతి ఇంకా దారుణం. పారాక్వాట్. మొదటి రోజు రోగి కూర్చుని మాట్లాడుతుంటాడు. బీపీ బాగుంటుంది, ఆక్సిజన్ బాగుంటుంది. నోట్లో పుండ్లు, కాస్త వాంతులు, అంతే. స్కోరు నాలుగో ఐదో వస్తుంది. ఆ తర్వాత కిడ్నీలు, ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. విరుగుడు లేదు. నేను చూసిన ఒక కుర్రాడు రెండో రోజు పొద్దున ఇడ్లీ తిని, "సార్, ఎల్లుండి పరీక్ష ఉంది, పంపిస్తారా?" అని అడిగాడు. కేస్ షీట్ మీద స్కోరు చూసిన జూనియర్ డాక్టరు వాళ్ల నాన్నతో "భయం లేదు" అనేశాడు. తొమ్మిదో రోజు ఆ తండ్రి నా ముందు నిలబడి ఏమీ అడగలేదు, నా ముఖం చూస్తూ ఉండిపోయాడు. మొదటి 24 గంటల కొలతల్లో ఈ జబ్బు కనపడదు. కనపడని చోట లెక్క ఏం చూస్తుంది?

ఇంకో సంగతి. ఇది చాలామంది గమనించరు. అపాచీలో ఏదైనా పరీక్ష చెయ్యకపోతే, ఆ గడిలో ఏం రాస్తారో తెలుసా? నార్మల్ అనుకుని సున్నా వేస్తారు. అమెరికాలో పెద్ద ఐసీయూలో పరీక్ష చెయ్యలేదంటే, డాక్టరుకి అవసరం అనిపించలేదని అర్థం, అంటే బహుశా నార్మలే. మన జిల్లా ఆసుపత్రిలో రాత్రి రెండింటికి ఏబీజీ, అంటే రక్తంలో ఆక్సిజన్, ఆమ్లత్వం (పీహెచ్) చూసే పరీక్ష, చెయ్యలేదంటే దాని అర్థం ఏంటి? మిషను పాడై ఉంటుంది. కార్ట్రిడ్జ్ అయిపోయి ఉంటుంది. బయట ల్యాబ్‌లో చేయించమంటే వాళ్ల దగ్గర డబ్బు ఉండి ఉండదు. అప్పుడు ఆక్సిజన్‌కి సున్నా, పీహెచ్‌కి సున్నా. లెక్కలో పేదవాడు ఆరోగ్యవంతుడైపోతాడు! దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. పరీక్ష చెయ్యకపోవడం అన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో అర్థం.

సరే, మరి ఒక లెక్క పనికొస్తుందా లేదా అని ఎలా పరీక్షిస్తారు? ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలు ఉన్నాయి. చాలా పేపర్లలో మొదటిదే చెప్పి ఊరుకుంటారు.

మొదటి ప్రశ్న, వరుస సరిగ్గా పెడుతుందా? చనిపోయినవాళ్లలోంచి ఒకర్ని, బతికినవాళ్లలోంచి ఒకర్ని తీసుకోండి. చనిపోయిన మనిషికి ఎక్కువ అంకె ఇచ్చిందా? ఇలా అన్ని జతల్లో ఎన్నిసార్లు సరిగ్గా చెప్పిందో అదే ఏయూసీ అంటారు. బొమ్మా బొరుసూ వేస్తే 0.5 వస్తుంది. ఒక్క తప్పూ లేకపోతే 1.

రెండో ప్రశ్న, అంకె నిజమేనా? నలభై శాతం అని చెప్పిన వందమందిలో నిజంగా నలభైమందే పోయారా? దీన్ని కాలిబ్రేషన్ అంటాం. కిరాణా కొట్టు తక్కెడ అనుకోండి. కిలో బియ్యాన్ని కిలోన్నర అని, రెండు కిలోల్ని మూడు కిలోలని చూపిస్తోంది. ఏది బరువో, ఏది తేలికో సరిగ్గానే చెబుతోంది కదా? వరుసలో తప్పే లేదు. కానీ మీరు ఆ తక్కెడ మీద డబ్బు కడతారా? కట్టరు. ఏయూసీ 0.85 అని గొప్పగా రాసుకున్న మోడల్, అంటే ఇలాంటి అంచనా లెక్క, కూడా ఈ తక్కెడలాగే ఉండొచ్చు. కుటుంబానికి మనం చెప్పేది వరుస కాదు కదా, శాతం చెబుతాం. శాతం చెప్పేటప్పుడు కాలిబ్రేషన్ చూడకుండా ఎలా చెబుతాం?

ఇంకో మెలిక కూడా ఉంది. ఊహకి ఒక ఉదాహరణ చెబుతాను, ఇవి నేను వేసుకున్న అంకెలు. వందమంది పెద్దవాళ్లు, వందమంది కుర్రవాళ్లు. మోడల్ పెద్దవాళ్లలో 20 మంది పోతారంది, 15 మంది పోయారు. కుర్రవాళ్లలో 10 మంది పోతారంది, 15 మంది పోయారు. మొత్తం చూడండి. ముప్పై అంది, ముప్పైమందే పోయారు. అద్భుతం అని రిపోర్టు రాస్తారు. ఆ కుర్రవాళ్లలో ఎక్కువైన అయిదుగురి మాటేమిటి? ఆ అయిదుగురి ఇళ్లకి ఎవరు వెళ్లి చెబుతారు మోడల్ బాగుందని? అందుకే మొత్తం లెక్క చూసి సంతోషపడకండి. ఆడవాళ్లకి విడిగా, మగవాళ్లకి విడిగా, వయసుని బట్టి, జబ్బుని బట్టి, ఊరి నుంచి నేరుగా వచ్చినవాళ్లకీ వేరే ఆసుపత్రి నుంచి రిఫర్ అయినవాళ్లకీ విడివిడిగా చూడాలి. చిన్న గుంపుల్లో చూస్తే మళ్లీ ఇంకో ఇబ్బంది, కేసులు చాలవు. కనీసం వంద మరణాలు ఉంటే గానీ ఒక మోడల్‌ని గట్టిగా పరీక్షించినట్టు కాదని గణాంక నిపుణులు చెబుతారు. చిన్న ఐసీయూకి అన్ని కేసులు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే నాలుగైదు ఆసుపత్రులు కలిసి చెయ్యాలి.

కాలం కూడా లెక్కని పాడుచేస్తుంది. గుండె ఆపరేషన్లకి యూరోస్కోర్ అని ఒకటి 1999లో వచ్చింది. మంచి పేరు తెచ్చుకుంది. పదేళ్లయ్యాక, 2010లో, 43 దేశాల్లో 154 ఆసుపత్రుల్లో 22 వేల పైచిలుకు రోగుల మీద మళ్లీ చూశారు. నిజంగా చనిపోయింది 3.9 శాతం. పాత లెక్కలో ఒక పద్ధతి 5.8 అంటోంది, ఇంకో పద్ధతి 7.5 పైన అంటోంది. సర్జరీ మెరుగైంది, లెక్క అక్కడే ఆగిపోయింది. అప్పుడు యూరోస్కోర్ 2 తయారుచేశారు. ఈ మధ్యలో ఎంతమంది పెద్దవాళ్లకి "రిస్క్ ఎక్కువ, ఆపరేషన్ వద్దులెండి" అని చెప్పి పంపించి ఉంటారో ఆలోచించండి.

ఇక్కడ కంప్యూటర్ సైన్స్ పిల్లలు కూడా వచ్చారని విన్నాను. ఎక్కడున్నారు? ఆ, అక్కడ. మీరు అడగబోయేది నాకు తెలుసు. ఏఐ వచ్చింది కదా, డేటా ఎక్కువ ఇస్తే అదే సర్దుకుంటుంది కదా అని. 1990లలో అమెరికాలో న్యుమోనియా రోగుల మీద అలాంటి ప్రయత్నమే జరిగింది. ఏ రోగి చనిపోయే ప్రమాదం తక్కువో కనిపెట్టి, వాళ్లని ఇంటికి పంపొచ్చని ఆలోచన. మోడల్ ఏం నేర్చుకుందో తెలుసా? ఆస్తమా ఉన్నవాళ్లకి న్యుమోనియా వస్తే ప్రమాదం తక్కువ అని! మీకూ నాకూ తెలుసు, అది తలకిందులు అని. మరి డేటాలో అలా ఎందుకుంది? ఆస్తమా ఉందనగానే డాక్టర్లు భయపడి నేరుగా ఐసీయూలో చేర్చేవాళ్లు, గట్టి వైద్యం చేసేవాళ్లు, వాళ్లు బతికేవాళ్లు. మోడల్‌కి వైద్యం కనపడలేదు, ఫలితం ఒక్కటే కనపడింది. ఇంకా ఎక్కువ డేటా ఇచ్చినా అదే నేర్చుకుంటుంది బాబూ, ఇంకా నమ్మకంగా నేర్చుకుంటుంది.

లోపలికి వెళ్లే కొలతే తప్పయితే? వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్, కోవిడ్‌లో ప్రతి ఇంట్లో కొన్నాం కదా. 2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు ఒక లెక్క బయటపెట్టారు. మీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు, రక్తం తీసి చూస్తే నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. దాదాపు మూడు రెట్లు. ఏబీజీ లేనప్పుడు సున్నా వెయ్యని చోట్ల మనం ఈ వేలి మీటర్ అంకెనే స్కోర్లలో వేస్తాం. మన రోగుల చర్మపు రంగులో ఎన్ని ఛాయలున్నాయో మీకు నేను చెప్పాలా?

రిఫరల్ సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాను. ఏరియా ఆసుపత్రిలో మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉండి, బీపీ మందులతో నిలబెట్టి, అప్పుడు పెద్దాసుపత్రికి పంపిస్తారు. అక్కడ మొదటి 24 గంటలు లెక్కలోకి వస్తాయి. బీపీ అప్పటికే నిలబెట్టారు కాబట్టి స్కోరు తక్కువ వస్తుంది. ఆ మనిషి పోతే, తేలిక కేసుని పోగొట్టారని పెద్దాసుపత్రి మీద పడుతుంది. అసలు చెడిపోయిన రోజు లెక్కలోనే లేదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. ఇంతసేపూ మోడల్ సరిగ్గా ఉందా అన్నాం. దేనితో పోల్చి చూస్తాం? ఎంతమంది నిజంగా చనిపోయారో దానితో. మరి ఎంతమంది నిజంగా చనిపోయారు? మనకి తెలుసా?

మీలో నర్సింగ్ పిల్లలు "లామా" అనే మాట రోజూ వింటారు. వైద్యుల సలహాకి వ్యతిరేకంగా వెళ్లిపోవడం. డబ్బయిపోతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి దాటిపోతుంది. లేకపోతే మేమే "ఇంక చేసేదేమీ లేదు" అంటాం. వాళ్ల పెద్దాయన వచ్చి, "ప్రాణం ఉండగానే ఊరు చేర్చాలి డాక్టరుగారూ, తులసి తీర్థం ఇంట్లోనే పొయ్యాలి" అంటాడు. దాన్ని నేను తప్పు పట్టను. వాళ్ల మనిషి, వాళ్ల ఇల్లు. ట్యూబ్ ఉంచే పంపిస్తాం, అంబులెన్సులో కొడుకే అంబూ బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కుకుంటూ కూర్చుంటాడు. ఇంటి గుమ్మంలో ఆపేస్తారు. అందరికీ తెలుసు ఏం జరుగుతుందో.

మా రిజిస్టర్‌లో ఏం రాస్తారు? డిశ్చార్జ్. ఆ రోగి కంప్యూటర్‌లో బతికినవాళ్ల వరుసలోకి వెళతాడు.

నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇలాగే జరిగింది. పేరు చెప్పను. 200 మంది అడ్మిషన్లలో 60 మంది పోవచ్చని స్కోరు అంది, రిజిస్టర్‌లో 42 మరణాలు. అంటే అనుకున్నదాంట్లో 0.7. మీటింగ్ పెట్టి స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. ఆ రాత్రి రిజిస్టర్ మళ్లీ తిప్పితే లామా అని 25 పేర్లు. తర్వాత వారం రోజులు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాం. 22 మంది పోయారు. చాలామంది ఆ రోజే పోయారు. 42కి 22 కలపండి. 64. అరవైకి అరవై నాలుగు. ఒక్క వారంలో మా ఐసీయూ గొప్ప ఐసీయూ నుంచి మామూలు ఐసీయూ అయింది.

అది ఒక్కటే అయితే పరవాలేదు. ఎవరు లామా వెళతారు? డబ్బు లేనివాళ్లు. ముసలివాళ్లు, ముఖ్యంగా ముసలి ఆడవాళ్లు. అందుకే ఈ గుంపుల్లో మరణాలు మన డేటాలో తక్కువగా కనపడతాయి. ఆ డేటాతో రేపు ఈ పిల్లలే ఒక కొత్త మోడల్ తయారుచేస్తే, పేదవాళ్లకి ప్రమాదం తక్కువ అని అది నేర్చుకుంటుంది. ఆస్తమా కథే మళ్లీ, ఈసారి మన ఊళ్లో.

మరి ఏం చెయ్యాలి? పరాయి లెక్కలన్నీ పారేయమని నేను అనడం లేదు. అపాచీ లాంటిదే ఇంకో ఐసీయూ స్కోరు, 2005లో వచ్చిన శాప్స్ 3ని చూడండి. 35 దేశాల్లో 303 ఐసీయూల నుంచి రోగుల్ని తీసుకుని, ప్రపంచంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో సమీకరణం ఇచ్చారు. ఒకే అంకె అందరికీ సరిపోదని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట. అందులో దక్షిణాసియాకి విడిగా సమీకరణం లేదు. 2017లో మన దక్షిణాసియా ఐసీయూల డేటాతోనే ట్రాపిక్స్ అని ఒకటి తయారుచేశారు, తక్కువ పరీక్షలతో సరిపెట్టుకునేలా. దాన్ని కూడా మన దగ్గర పరీక్షించకుండా వాడకండి. పాత స్కోరు వరుస బాగానే పెడుతుంటే, అంకెల్ని మన రోగులకి తగ్గట్టు సర్దుకోవచ్చు. అది ఒక మంచి స్టాటిస్టిక్స్ విద్యార్థి రెండు వారాల్లో చేసే పని. కష్టమైన పని అది కాదు. ఎవరు బతికారో, ఎవరు పోయారో నిజంగా తెలుసుకోవడం, కష్టం అక్కడుంది.

ఇప్పుడు మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఐసీయూ నుంచి ఎవరు ఎలా వెళ్లినా, 30వ రోజు ఫోన్ చేస్తాం. రిజిస్టర్‌లో దానికి ఒక గడి గీశాం. ఆ ఫోన్లు చేసేది ఇద్దరు స్టాఫ్ నర్సులు. వాళ్లలో ఒకమ్మాయి ఇక్కడే ఉంది, లేచి నిలబడమంటే సిగ్గుపడుతుంది కాబట్టి అడగను. మొదట్లో చాలా టెన్షన్ పడేది. పోయిన మనిషి ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడమేంటి సార్ అనేది. తర్వాత తనే ఒక మాట వెతుక్కుంది. "అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. మీ నాన్నగారి గురించి మేం మర్చిపోలేదు, ఎలా ఉన్నారో తెలుసుకుందామని" అంటుంది. ఇంతవరకూ ఒక్కరూ కోప్పడలేదు. కొందరు పది నిమిషాలు మాట్లాడతారు. ఏ తిథిన పోయారో, ఎవరెవరు దగ్గర ఉన్నారో, చివరికి ఏం అడిగారో చెబుతారు. ఆ అమ్మాయి అంతా వింటుంది. ఫోన్ పెట్టేశాక గడిలో తారీఖు రాస్తుంది.

ఇంక మీరు అడగండి. ముందు ఆ వెనక వరుసలో చెయ్యెత్తిన పెద్దాయన, మీరు అడగండి బాబాయ్.